స్విచ్‌బోర్డు మీద తువ్వాలు

మా ఇంట్లో స్విచ్‌బోర్డు మీద తువ్వాలు వేలాడుతోందంటే ఆ ప్లగ్గు పీకకూడదని అర్థం. ఈ నియమం అన్నయ్య పెట్టాడు. ఊళ్లో మిగతావాళ్లకి ఇది వింతగా ఉండేది. మా ఉద్దానం ఊళ్లలో ఆకాశం ఒకసారి ఉరిమితే చాలు, ఆడవాళ్లు చేతిలో పని అక్కడే వదిలేసి టీవీ ప్లగ్గు, ఫ్రిజ్ ప్లగ్గు, ఫోను చార్జరు అన్నీ లాగేస్తారు. కొబ్బరిచెట్ల మీద పిడుగు పడటం అందరూ చూసినవాళ్లే. ఏ ఇంట్లో టీవీ కాలిపోయిందో, ఎవరి మోటారు మాడిపోయిందో వీధిలో చిన్నపిల్లలైనా చెబుతారు. మా అమ్మ అందరికంటే ముందు లాగుతుంది. లాగి, గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్లకి వినబడేలా "ఉరిమిందర్రా, పీకీయండి" అంటుంది.

అన్నయ్య లాప్‌టాప్‌కి బ్యాటరీ పోయింది. ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. అందులో ఏదైనా ప్యాకేజీ, అంటే కొత్త సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తుండగా ప్లగ్గు ఊడితే, అది సగం ఎక్కి సగం ఎక్కక ఇరుక్కుపోతుంది. అందుకని తను భుజం మీది తువ్వాలు తీసి బోర్డు మీద వేసేవాడు. తువ్వాలు కనబడితే అమ్మ ఆ ఒక్క ప్లగ్గు వదిలేసి మిగతావి లాగేది. లాగి అక్కడే నిలబడేది. మెరుపు మెరిసినప్పుడల్లా "అయిపోనాదేటిరా?" అని అడిగేది.

"ఇంకా నేదే అమ్మా. నువ్వు అలగ నిలబడితే తొందరగా వత్తాదేటి?"

అయినా నిలబడేది.

అన్నయ్య టెక్కలిలో డిప్లొమా చదివి, కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో చేరాడు. ఆ లాప్‌టాప్‌ని ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ తీసుకెళ్లలేదు. అందరూ వాడే సిస్టమ్‌ని అది మోయలేకపోయేది. అన్నయ్య దాన్ని తీసేసి లినక్స్ వేశాడు. ఇది ఎవరూ కొనక్కర్లేదని, ఎక్కడెక్కడి మనుషులో రాసి అందరికీ ఊరికే ఇచ్చేస్తారని, కావాలంటే లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చని అమ్మకి చెప్పాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, "ఊరికే ఇచ్చీసినోల్లకి తిండెలాగొత్తాదిరా?" అంది. కొన్నాళ్లు పోయాక, ఎవరూ అడగకుండానే, అన్నయ్య అన్నం తింటూ "కొంతమందికి జీతాలొత్తాయట" అన్నాడు. దేని గురించో అమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ సిస్టమ్‌లో కొత్తది ఏదైనా కావాలంటే ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకోనక్కర్లేదు. ఎక్కడో ఒక పెద్ద గోదాములాంటిది ఉంటుంది, అన్నీ అందులోనే ఉంటాయి. నల్ల తెర తెరిచి ఫలానాది కావాలని ఒక వరుస టైపు చేస్తే అదే వెళ్లి తెస్తుంది. తెచ్చే ముందు, నువ్వడిగినదానితోపాటు ఇవి కూడా రావాలి అని కొన్ని పేర్లు చూపించి, సరేనా అని అడుగుతుంది. మొదటిసారి నేను ఒక నిఘంటువు కావాలన్నాను. దాని వెనక వచ్చిన పేర్లు చూసి కంగారుపడ్డాను.

"పెల్లికి ఒకల్ని పిలిత్తే ఆటో నిండా మంది దిగరేటి? అలాగన్నమాట," అన్నాడు అన్నయ్య. "ఈల్లు నేకపోతే ఆడు రాడు."

ఆ నిఘంటువు నాకు నచ్చలేదు. తీసేయమన్నాను, తీసేశాడు. ఆ తర్వాత ఏది ఎక్కించినా పైన ఒక వరుస వచ్చేది. ఇవి వేరేదాని కోసం వచ్చినవి, ఇప్పుడు వీటి అవసరం లేదు, కావాలంటే తీసేయవచ్చు అని. వాటిని కూడా తీసేస్తావా అని అడిగాను.

"ఉండనీ. అన్నం అడుగుతున్నాయేటి," అన్నాడు.

లాప్‌టాప్‌లో నాకు వేరే అకౌంటు పెట్టాడు. తెరవగానే రెండు పేర్లు వస్తాయి, పైన తనది, కింద నాది. డైరీ నేను కాగితం మీదే రాస్తాను గానీ, కథలనుకుని మొదలుపెట్టినవి కొన్ని అందులో టైపు చేసుకునేదాన్ని. అవి తను చూడడు, తనవి నేను చూడను. ఆ ఏర్పాటు ఇద్దరికీ సరిపోయింది. ఒక్క విషయంలో మాత్రం నా అకౌంటుకి అధికారం లేదు. ఏ ప్యాకేజీ ఎక్కించాలన్నా తన పాస్‌వర్డే కొట్టాలి. నీకేం కావాలో చెప్పు, నేను వేస్తాను అన్నాడు. నేను వరుస టైపు చేసి పిలిచేదాన్ని. తను వచ్చి, నా వెనక నుంచి వంగి, తన పేరులోకి మారి పాస్‌వర్డ్ కొట్టేవాడు. నల్ల తెర మీద పాస్‌వర్డ్ కొడితే చుక్కలు కూడా కనబడవు. మీటల చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. మొదటిసారి "అటు సూడు" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అనలేదు. తను వంగగానే నేనే గోడవైపు తిరిగేదాన్ని. ఆ గోడ మీద తుఫాను నాటి నీళ్లు దిగిన మరక ఉంది. ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి వస్తుంది. ఆ మరక అంచు ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ చీలుతుందో నాకు కంఠతా వచ్చు.

ఒకసారి తను షాపులో ఉండగా నేనే ప్రయత్నించాను. నా పాస్‌వర్డే కొట్టాను. నువ్వు అనుమతి ఉన్నవాళ్లలో లేవు, ఈ సంగతి రిపోర్టు చేయబడుతుంది అని ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. నేను మూత దించేసి, బావి దగ్గరికి వెళ్లి అవసరం లేకపోయినా నీళ్లు తోడాను. సాయంత్రం అన్నయ్య వచ్చేదాకా ఎవరైనా వస్తారేమోనని వీధివైపు చూస్తూనే ఉన్నాను. సంగతి విని తను చాలాసేపు నవ్వాడు.

"ఎవులికి రిపోర్టనుకున్నావే? నాకే. ఈ ఇంటికి కలెక్టర్ని నాను."

మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను, తనతో కూడా అంతే. ఏమన్నా మాట్లాడుకున్నామంటే ఈ ప్యాకేజీల వల్లే. తనకి డయాలసిస్ మొదలయ్యాక నేను అవసరం లేనివి కూడా అడగడం మొదలుపెట్టాను. గ్రహాలు తిరగడం చూపించేది ఒకటి, చదరంగం ఒకటి, పక్షుల కూతలు గుర్తుపట్టే ఆట ఒకటి. పలాస ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చి, మంచం మీద వాలి, కళ్లు మూసుకునే "ఏటి కావాలే ఇయ్యాల?" అనేవాడు. లాప్‌టాప్ తీసుకెళ్లి తన పక్కన పెట్టేదాన్ని. సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా రెండో చేత్తో కొట్టేవాడు. నేను గోడవైపు తిరిగేదాన్ని.

నాన్న కూడా నా చిన్నప్పుడు ఆ కిడ్నీ జబ్బుతోనే పోయారు. మావైపు ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏ ఊరని అడిగి తలూపుతారు. అన్నయ్య వేసవి మొదట్లో పోయాడు. నేను ఏడవలేదు. ఆ పిల్ల ఏడవడం లేదని ఎవరో అమ్మతో అంటుంటే వినబడింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే: ఎండ. గాలి సముద్రం వైపు నుంచి. మధ్యాహ్నం కరెంటు లేదు. తర్వాత పేజీలు కూడా అలాగే ఉన్నాయి. ఇప్పుడు తిరగేస్తే ఎవరో వాతావరణ శాఖ ఉద్యోగి రాసినట్టు ఉంటుంది.

పదోరోజు అయ్యాక తన బట్టలు ఇచ్చేశారు. తువ్వాళ్లు కూడా అందులోనే వెళ్లిపోయాయి. ఎవరికిచ్చారో నేను చూడలేదు.

లాప్‌టాప్ మాత్రం ఉన్నచోటే ఉంది. నేను నా పేరు మీద తెరిచి, ఉన్నవాటితోనే చదువుకుంటూ, రాసుకుంటూ ఉండేదాన్ని. కొత్తవి ఏమీ అక్కర్లేదు కాబట్టి ఇబ్బంది కూడా రాలేదు.

వానలు పడ్డాక విశాఖపట్నం నుంచి ఒకావిడ ఫోను చేశారు. టైపింగు చేసేవాళ్లు కావాలని ఎక్కడో చూసి నేను మెసేజి పెట్టాను. పెట్టి మర్చిపోయాను. దొరకకుండా పోయిన పాత తెలుగు పుస్తకాలని వాళ్లు మళ్లీ అచ్చు వేస్తారట. టైపు చేసి, పేజీలుగా అమర్చి పంపాలి. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది, అదే వాడాలి. ముందు ఒక అధ్యాయం చేసి దసరాలోపు పంపితే, బాగుంటే పుస్తకాలు వరసగా మీకే ఇస్తాం అన్నారు. నేను మాట్లాడినంతసేపూ సరేనండీ అనే అన్నాను.

ఆ పని నాకు కావాలనిపించింది. చాలా నెలల తర్వాత నాకు ఒకటి కావాలనిపించింది. అది కూడా గట్టిగా కాదు. గడియారం చూసి, ఓహో ఆకలేసే వేళయింది అనుకున్నట్టుగా. అది రాకపోతే ఏమవుతుందో తెలుసు. అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తుంది. తన పక్కన ఒక చోటు ఖాళీ అయింది. దసరా తర్వాత మా అమ్మాయి వస్తుందని మేస్త్రీతో చెప్పి ఉంచింది. జీడిపిక్కల నూనెకి అమ్మ వేళ్ల కొసలు నల్లబడి, పొట్టు లేచి ఉంటాయి. నా భయం దాని గురించి కాదు. అక్కడ ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రందాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒకరోజు అమ్మకి అన్నం పట్టుకెళ్లినప్పుడు చూశాను. అందరూ ఒకేసారి నావైపు తిరిగి, నువ్వేనా, ఏం చదివావు, ఎందుకంత చిక్కిపోయావు అని అడిగారు. క్యారేజీ కింద పెట్టేసి వచ్చేశాను.

ఆ సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు. ఎక్కించాలి. నల్ల తెర తెరిచి వరుస టైపు చేశాను. చేసి, అలవాటుగా ఒక్క క్షణం ఆగాను, పిలవడానికి. తర్వాత నా పాస్‌వర్డే కొట్టాను. ఏం వస్తుందో తెలుసు. అదే వచ్చింది. నువ్వు అనుమతి ఉన్నవాళ్లలో లేవు. ఈ సంగతి రిపోర్టు చేయబడుతుంది.

ఆ వరుస కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. అనిపించాలి కదా అనుకున్నాను.

పాస్‌వర్డ్ ఏమై ఉంటుందో ఊహించడానికి అమ్మ కూడా వచ్చి కూర్చుంది. అన్నయ్య ఎక్కడా రాసిపెట్టే మనిషి కాదు. బండి నంబరు కొట్టాను, కాలేజీలో రోల్ నంబరు కొట్టాను. రాలేదు.

"నీ పేరెట్టుంటాడే," అంది అమ్మ.

కొట్టాను. రాలేదు.

"మీ నాన్నది సూడు."

అదీ కాదు.

తర్వాత అమ్మ, వేరేవైపు చూస్తూ, "నాది పెట్టుంటాడేటే?" అంది.

అమ్మ పేరు పొట్టిగా కొట్టాను, ఇంటిపేరుతో కొట్టాను, అన్నయ్య చిన్నప్పుడు పిలిచినట్టు కొట్టాను. ఏదీ కాలేదు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దింది. అవి అంతకుముందే సర్ది ఉన్నాయి. నేను ఊహించడం ఆపేశాను. ఒక్కో పేరు తప్పయినప్పుడల్లా ఆ పేరుగల మనిషి ఏదో పోగొట్టుకున్నట్టు అవుతోంది.

లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కాశీబుగ్గ వెళ్లాను. అన్నయ్య పనిచేసిన షాపులో తన స్నేహితుడు ఒకతను ఉన్నాడు. డయాలసిస్ రోజుల్లో తన పని కూడా అతనే చేసేవాడు. అన్నయ్య కూర్చునే కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. కూర్చున్నాను. సంగతంతా చెప్పలేక, దారిలో ఆటోలో రాసుకున్న కాగితం ఇచ్చాను. అతను చదివి వెంటనే, "ఫార్మాట్ కొట్టీద్దాం సెల్లెమ్మా. కొత్తది ఏసీసి పాస్‌వర్డ్ నీదే పెట్టీద్దాం. అరగంట," అన్నాడు.

వీడి చేతికి ఫ్యాన్ ఇచ్చినా ఫార్మాటే కొడతాడని అన్నయ్య ఇతని గురించి నవ్వేవాడు. అది గుర్తొచ్చింది గానీ చెప్పలేదు.

ఫార్మాట్ చేస్తే అందులోవి పోతాయి కదా అని అడిగాను. నీ ఫైళ్లు, మీ అన్నవి, ఫొటోలు అన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇస్తానన్నాడు. ఏదీ పోదన్నాడు. అది నిజమే. పోయేవి ఫైళ్లు కావు. గ్రహాలు తిరిగేది, చదరంగం, పక్షుల ఆట, నిఘంటువు వెనక వచ్చి ఇక అవసరం లేకుండా ఉండిపోయినవి, అన్నయ్య ఒక చేత్తో ఎక్కించినవన్నీ పోతాయి. అవన్నీ మళ్లీ ఎక్కించుకోవచ్చు, అచ్చం అవే వస్తాయి. కాబట్టి పోతుందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

"మరేటి పోద్దని నీ బాద?" అని మెల్లగానే అడిగాడు.

అమ్మని అడిగి వస్తానన్నాను. వచ్చే ఆటోలో జీడిపిక్కల బస్తాల మధ్య కూర్చుని, ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని, ఫార్మాట్ చేయించేద్దామనే నిర్ణయించుకున్నాను. దసరా దగ్గరికొచ్చింది. వేరే దారి లేదు. నిర్ణయించుకోవడం కష్టంగా కూడా అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం, షాపుకి బయల్దేరే ముందు నా ఫైళ్లు ఒకసారి సరిచూసుకుందామని తెరిచాను. ఫోను కిటికీ ఊచకి కట్టి నెట్ ఇచ్చాను. మా ఇంట్లో సిగ్నలు ఆ ఊచ దగ్గరే ఉంటుంది. నెట్ తగలగానే తెర మూల చిన్న గుర్తు తిరగడం మొదలైంది. పాతబడిన ప్యాకేజీల బదులు కొత్తవి తనంతట తనే తెచ్చుకోమని అన్నయ్య ఎప్పుడో దానికి చెప్పి పెట్టాడు. ఆ పనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. చాలా రోజులకి నెట్ దొరికింది కాబట్టి చాలా తెచ్చుకుంటోంది. తెచ్చుకోనీ అనుకున్నాను. చినుకులు మొదలైతే దండెం మీది బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లాను. బట్టలు సగం తీసేసరికి ఉరిమింది. లోపల ప్లగ్గుల చప్పుడు వినబడింది. బట్టలు చేతిలో ఉండగానే నాకు తెలిసిపోయింది.

లోపలికి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. అమ్మ వైరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"బోర్డు మీద ఏటీ నేదు కదే," అంది.

నిజమే. ఏమీ లేదు.

ఉరుములు ఆగాక ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. రెండు పేర్లూ రాలేదు. నల్ల తెర మీద కొన్ని వరుసలు వచ్చి, సగంలో ఆగిపోయింది. మళ్లీ ఆపి, మళ్లీ పెట్టాను. అక్కడే ఆగింది. అమ్మ నా వెనకే ఉంది.

"నానే సంపీసానేటే?"

కాదన్నాను.

"బతుకుద్దా?"

తెలియదన్నాను. అమ్మ నేల మీద కూర్చుంది. అన్నయ్య పోయిన రోజున కూడా అదే చోట అలాగే కూర్చుంది. ఎలాగూ ఇవాళ ఫార్మాట్ చేయించడానికే కదా తీసుకెళ్తున్నాను, ఇప్పుడు పోతే ఏంటి అని అమ్మతో చెప్పవచ్చు. చెప్పలేదు. నేను చెరిపించడం వేరు, అమ్మ చేతిలో పోవడం వేరు. ఈ రెండోది అమ్మ ఎప్పటికీ మర్చిపోదు.

ఫోను చేసే ముందు ఏం మాట్లాడాలో నేను డైరీలో రాసుకుంటాను. ఆ రోజు కూడా రాసుకున్నాను: లాప్‌టాప్ సగంలో ఆగిపోతోంది, అప్‌డేట్ మధ్యలో ప్లగ్గు తీశాం, ఫార్మాట్ చేయకుండా చూడగలరా. షాపతనికి చేసి ఆ మూడూ చదివాను. తెర ఫొటో పంపమన్నాడు. పంపాను. కాసేపటికి తనే చేశాడు.

"ఇది మీ అన్న బాగుసేత్తుంటే నేను సూసాను. సెప్తాను, సెయ్. ఫోను స్పీకర్లో ఎట్టుకో."

ఆన్ చేస్తూనే ఒక మీట నొక్కి పట్టుకోమన్నాడు. రెండు వరుసలున్న తెర వచ్చింది. కిందది ఎంచుకోమన్నాడు, అందులో మళ్లీ రికవరీ అని ఉన్నది. అప్పుడు చిన్న పెట్టెలో కొన్ని పనుల పేర్లు వచ్చాయి. అందులో ఒకటి, విరిగిన ప్యాకేజీలని బాగుచేయడం. దాన్ని నొక్కాను. వరుసలు పైకి జరగడం మొదలైంది. ఎక్కడెక్కడ ఆగిందో ఒక్కోదాన్ని పట్టుకుని అది పూర్తి చేసుకుంటూ పోతోంది. పేర్లు చదువుతూ కూర్చున్నాను. అమ్మ ఆ వెలుగు చూసి దగ్గరికి వచ్చింది.

"ఊపిరాడుతందేటే?"

ఆడుతోందన్నాను.

వరుసలు ఆగి మళ్లీ ఆ పెట్టె వచ్చింది. బాగుచేయడం కింద ఇంకో పేరు ఉంది, రూట్ అని. అది ఏమిటని అడిగాను.

"దాన్ని ముట్టుకోకు సెల్లెమ్మా. అది అందరికంటే పెద్ద. ఏం సెప్తే అది సేసీద్ది, పాస్‌వర్డ్ కూడా అడగదు."

"అడగదా?"

"అడగదు. మెషిన్ ముందర కూసున్నోడే ఓనరనుకుంటాది."

షాపు ముందు నుంచి బస్సు హారన్ ఒకటి ఫోనులో వినబడి వెళ్లిపోయింది.

"ఓర్నీ," అన్నాడు చివరికి. "నిన్న నాకిది తట్టనేదు సూడు."

దాన్ని ఎంచుకోమన్నాడు. నల్ల తెర వచ్చింది. ఏ పేరూ అడగలేదు, ఏ పాస్‌వర్డూ అడగలేదు. ఎన్నాళ్లుగానో తాళం వేసి ఉందనుకున్న తలుపు దగ్గరికి వేసి ఉన్నట్టు. మీ అన్న పాస్‌వర్డ్ మార్చేసెయ్, కొత్తది రెండుసార్లు అడుగుతుంది, పాతది అడగదు, తర్వాత ఆ పేరు మీదే అన్నీ ఎక్కించుకో అన్నాడు. ఆ వరుస ఎలా టైపు చేయాలో చెప్పాడు. టైపు చేశాను, చివర అన్నయ్య పేరు వరకు. నొక్కలేదు.

"మార్చకుండా ఉండొచ్చా?" అని అడిగాను. ముందు రాసుకోకుండా ఆ రోజు నాకోసం నేనడిగింది అదొక్కటే.

"ఉండొచ్చు. ఆడిది అలగే వదిలీ. అనుమతున్నోల్లలో నీ పేరు ఆడి పక్కన కలిపీ, సరిపోద్ది."

ఆ వరుస చెరిపేసి అతను చెప్పిన ఇంకో వరుస టైపు చేశాను. చివర నా పేరు. నొక్కాను. తెర ఏమీ అనలేదు, కింద ఖాళీ వరుస ఒకటి వచ్చింది. అయిందా అని అడిగాను. పని జరిగితే ఇది ఏమీ మాట్లాడదు, తప్పయితేనే మాట్లాడుతుంది అన్నాడు. అన్నయ్య కూడా ఒకసారి ఈ మాటే అన్నాడు, నీకు సరిపోయే సిస్టమ్ ఇది అని.

ఆ రూట్ తెర మీద నుంచి అన్నయ్య ఫోల్డరు కూడా తెరవచ్చు. అది అప్పుడే నాకు తట్టింది. తెరవాలనిపించలేదు. తెరవకూడదనీ అనిపించలేదు. ఆపేసి, మళ్లీ ఆన్ చేశాను. పైన తన పేరు, కింద నాది వచ్చాయి.

అమ్మ ఆ రెండు పేర్లూ చూసి లేచింది. ఆమెకి చదువు రాదు. పైన ఉన్న పేరు అక్షరాలు ఎలా ఉంటాయో మాత్రం తెలుసు.

వాన ఇంకా సన్నగా పడుతోంది. రేపటిదాకా ఆగుదామా అనుకున్నాను. ఫోనులో సిగ్నలు బాగానే ఉంది. చున్నీ తీసి స్విచ్‌బోర్డు మీద వేశాను. నల్ల తెర తెరిచి, ఆ పేజీల సాఫ్ట్‌వేర్ కావాలని వరుస టైపు చేశాను. పాస్‌వర్డ్ అడిగింది, ఈసారి నాదే. మీటల మీద వేళ్లు పెట్టేసరికి నా తల గోడవైపు తిరిగిపోయింది. తిరిగాక తెలిసింది. అలాగే మరకని చూస్తూ కొట్టాను.

అనుమతి లేదని రాలేదు. దానితోపాటు రావలసినవాళ్ల పేర్లు వచ్చాయి, ఆటో నిండా మంది. వాటి పైన ఆ పాత వరుస కూడా వచ్చింది, ఇవి వేరేదాని కోసం వచ్చినవి, ఇప్పుడు అవసరం లేదు, తీసేయవచ్చు అని. వాటిని ఉండనిచ్చాను. సరేనా అని అడిగినదానికి మాత్రం సరే అన్నాను.

మెల్లగా వస్తోంది. మధ్యలో దూరంగా, సముద్రం మీద ఎక్కడో ఉరిమింది. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. టీవీది లాగింది, ఫ్రిజ్‌ది లాగింది, చున్నీ దగ్గరికి వచ్చి ఆగింది. దాన్ని ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

"అయిపోనాదేటే?"

"ఇంకా నేదమ్మా."

అయిపోయేదాకా అక్కడే నిలబడింది.

అధ్యాయం దసరాకి ముందే పంపాను. ఆవిడ రెండుచోట్ల తప్పులు చూపించి, దిద్దించి, మొదటి పుస్తకం పంపారు. ఇప్పుడు రెండోది చేస్తున్నాను. ఎవరివో పాత వాక్యాలు టైపు చేస్తుంటే రోజు గడుస్తుంది. ఫ్యాక్టరీలో అమ్మ పక్కన చోటు ఇంకెవరికో ఇచ్చారు. ఆమె వాగుడుకాయ అని అమ్మ వచ్చి చెబుతుంది, ఇష్టంగానే. అన్నయ్య పాస్‌వర్డ్ ఏమిటో ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవలసిన పని లేకుండా పోయింది.

మొన్న ఫ్యాక్టరీ నుంచి వస్తూ అమ్మ కాశీబుగ్గ బజారులో ఒక కొత్త తువ్వాలు కొనుక్కొచ్చింది. చుట్టూ ఎర్ర అంచు ఉంది. స్విచ్‌బోర్డు పక్కన మేకు కొట్టి తగిలించింది. ఎవరికని నేను అడగలేదు. తనే చెప్పింది.

"సున్నీ అయితే నా కంటికి ఆనదే."